ర్యాంపు ఉన్నది కదా అంటున్నరు: లొల్లి అసలు ఎక్కడ మొదలైందంటే

మూడు రోజుల సంది వరంగల్ గ్రూపులన్నిట్ల ఒకటే వీడియో తిరుగుతున్నది. వికలాంగుల మూడు చక్రాల బండి కింద ఆపి, పాస్‌బుక్కు పెట్టుకున్న ప్లాస్టిక్ కవర్ పళ్లతో పట్టుకొని, చేతుల మీద బరువేసి దేక్కుంట ఆఫీసు మెట్లెక్కుతున్నాయన మా పెద్దమ్మ కొడుకు. ఆఫీసు పేరు రాస్తలేను, రాస్తే లొల్లంతా ఆ ఒక్క ఆఫీసు మీదికే పోతది. ఆఫీసోళ్లు చెప్పేది ఏందంటే ర్యాంపు ఉన్నది, ఆయననే పక్క నుంచి రాలేదు.

ర్యాంపు ఉన్నది నిజమే. నేను టేపు పట్టుకొని పోయి కొలిచిన. నేల నుంచి వరండా దాకా ఎత్తు 30 అంగుళాలు, ర్యాంపు పొడుగు 10 అడుగులు. అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడుగు ఉండాలనేది లెక్క, అంటే ఇక్కడ 30 అడుగులు కావాలె, కట్టింది అండ్ల మూడో వంతు. చేతులతో తిప్పే బండి దాని మీద సగం దాకా పోంగనే ముందు చక్రం గాలిల లేస్తది, పట్టుకోనీకి రెయిలింగ్ లేదు, మొదట్లనే రెండు బైకులు అడ్డం పెట్టి ఉన్నయ్. వికలాంగుల బాత్రూం అని బొమ్మ ఉన్న తలుపుకు తాళం, అడిగితే అటెండర్ అన్న తీసి చూపించిండు, లోపల చీపుర్లు, ఫినాయిల్ డబ్బాలు, పాత ఫైళ్ల మూటలు.

1995 వికలాంగుల చట్టం సంగతి, పింఛన్లు, వైకల్యం సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపులు అందరికీ ఎరుకే కాబట్టి అదంతా మళ్ల చెప్పను, ఒక్క ముక్క మాత్రం చెప్పాలె. ఆ చట్టంల కూడా పబ్లిక్ బిల్డింగులకు, దవాఖానలకు ర్యాంపులు పెట్టాలని ఉండె, కానీ ముందట "ఆర్థిక స్తోమత మేరకు" అనే అర్థం వచ్చే మాట తగిలించిర్రు. ఇగ స్తోమత ఎన్నడొస్తది. ఇరవై ఏండ్లు ఆ మాట చాటునే గడిచిపోయినయ్.

నా లెక్కల అసలు మలుపు 2016 అక్టోబర్ నుంచి 2017 జూన్ దాకా. 2016 అక్టోబర్ 11న మన తెలంగాణల 10 జిల్లాలు 31 అయినయ్, పాత వరంగల్ ఒక్కటే ఐదు ముక్కలైంది, ఎక్కడ జాగా దొరికితే అక్కడ ఆఫీసులు తెరిచిర్రు, అద్దె ఇండ్లల్ల, షాపుల మీద ఫస్ట్ ఫ్లోర్లల్ల. సరిగ్గా గా రోజులల్లనే ఢిల్లీల కొత్త వికలాంగుల హక్కుల చట్టం పాసైంది, డిసెంబర్ ఆఖర్ల రాష్ట్రపతి సంతకం, 2017 ఏప్రిల్ 19 నుంచి అమలు. 7 రకాల వైకల్యాలు 21 అయినయ్, ఉద్యోగాలల్ల 3 శాతం 4 అయింది, పేపర్లన్నీ దీని గురించే రాసినయ్. కానీ మెట్ల సంగతికి అవసరమైనవి 40, 44, 45 సెక్షన్లు. వికలాంగులకు అందుబాటు ఎట్లుండాలో కేంద్రం రూల్స్ పెట్టాలని 40 అంటది, ఆ రూల్స్ ప్రకారం లేని ప్లానుకు పర్మిషన్ ఇయ్యొద్దు, కంప్లీషన్ సర్టిఫికెట్ ఇయ్యొద్దని 44 అంటది, పాత పబ్లిక్ బిల్డింగులన్నీ రూల్స్ వచ్చిన ఐదేండ్లల్ల సరిచేయాలని 45 అంటది. ఈసారి స్తోమత మాట తీసేసిర్రు.

తీసేసిన మాట ఇంకో దారిన లోపలికొచ్చింది. 2017 జూన్ 15న కేంద్రం నోటిఫై చేసిన నియమాలల్ల 15వది చదవుర్రి, బిల్డింగులకు ఒక గైడ్‌లైన్స్, బస్సులకు ఇంకోటి, వెబ్‌సైట్లకు మరోటి అని వేరే శాఖలోళ్ల పుస్తకాల పేర్లు రాసి ఊకున్నరు. ఆ పుస్తకాలల్ల చాలా చోట్ల "ఉంటే మంచిది", "చేయొచ్చు" అనే ధోరణే. చట్టం అడిగింది తప్పక పాటించాల్సిన రూల్, వీళ్లిచ్చింది సలహా. మండలాఫీసుల ఇంజనీర్ సారుకు అడుగుకు 12 అడుగుల లెక్క (1:12) చూపిస్తే "అది గైడ్‌లైనే కదమ్మా" అంటడు, ఆయన మాటల తప్పు లేదు, తప్పంతా పైన రాసిన కాగితంలనే ఉన్నది. ఐదేండ్ల గడువు 2022 జూన్‌తోని అయిపోయింది.

దీన్ని పట్టుకున్నది చూపు సరిగ్గా లేని రాజీవ్ రతూరి అనే ఆయన. 2005లనే సుప్రీంకోర్టుకు పోయిండు, 2017 డిసెంబర్ 15న కోర్టు గడువులు పెట్టి ఆదేశాలిచ్చింది, అయినా పని కదలలేదు. తర్వాత పరిస్థితి చూడమని కోర్టు మన హైదరాబాద్ నల్సార్ యూనివర్సిటీల ఉన్న వికలాంగుల అధ్యయన కేంద్రానికి అప్పజెప్పింది, వాళ్లు రిపోర్టు ఇచ్చిర్రు. 2024 నవంబర్ 8న అప్పటి చీఫ్ జస్టిస్ చంద్రచూడ్ బెంచ్ ఆ 15వ నియమం మొదటి క్లాజు అసలు చట్టానికే విరుద్ధమని తేల్చింది. ఆ నియమంతోని ఇంతకు తక్కువ ఉండొద్దనే కనీస గీత ఎక్కడా లేకుండ పోయిందన్నది కోర్టు మాటల సారం. తప్పనిసరివి వేరే తీసి మూడు నెలలల్ల రూల్స్ పెట్టమన్నది, అవి వచ్చినంక పాటించనోళ్లకు కంప్లీషన్ సర్టిఫికెట్ ఆపుడు, చట్టంల 89 సెక్షన్ కింద జరిమానా ఎయ్యుడు జరగాలన్నది. ఆ జరిమానా మొదటిసారి 10 వేల దాకా, మళ్ల చేస్తే 50 వేల నుంచి 5 లక్షలు.

ఆఫీసోళ్ల మాట కూడా రాయాలె. బిల్డింగు అద్దెది, పెద్ద ర్యాంపుకు జాగా లేదు, ఎవరన్న వస్తే మేమే కిందికి దిగొచ్చి సంతకం తీసుకుంటున్నం అంటున్నరు. అటెండర్ అన్న నిజంగనే దిగొస్తడు, మంచోడు, మా అన్నను రెండుసార్లు ఎత్తుకొని పైకి తీసుకపోయిండు. వీడియో రోజు ఆయన లీవుల ఉండె. అన్నకు నలభై రెండేండ్లు, ఇద్దరు పిల్లల తండ్రి, పదిమంది ముందట ఇంకొకరి చంకనెక్కి పోవుడు ఎట్లుంటదో ఆయన నాకు ఒక్కసారే చెప్పిండు, మళ్ల అడగబుద్ధి కాలే.

45 సెక్షన్ల ఇంకో ముక్క ఉన్నది, దాన్ని ఎవరూ పట్టించుకుంటలేరు. దవాఖానలు, బడులు, రైల్వే స్టేషన్లు, బస్టాపుల లాంటివి ఏది ముందు ఏది వెనుక సరిచేస్తరో ప్రభుత్వం, మున్సిపాలిటీ లాంటి స్థానిక సంస్థలు ప్లాన్ తయారుజేసి ప్రజలకు కనపడేటట్టు పెట్టాలె. అందుకే సోమవారం కలెక్టరేట్ల జనం అర్జీలు తీసుకునే ప్రజావాణిల ఇచ్చే అర్జీల మేం కొత్త ర్యాంపు ఒక్కటే అడుగుతలేం, ఆ ప్లాన్ కాపీ అడుగుతున్నం, దాంట్ల ఈ ఆఫీసు ఎన్నో నంబర్ల ఉన్నదో చెప్పమంటున్నం, అదే ప్రశ్న ఆర్టీఐ కింద కూడా ఏస్తున్నం. అర్జీకి 30 అంగుళాలు, 10 అడుగులు అని కొలతలు రాసి, టేపు కనపడేటట్టు తీసిన ఫోటోలు జతచేసినం. అన్న ఆ రోజు కలెక్టరేట్‌కు వస్తనన్నడు, తన బండి మీదనే.