గడీ పెంక సర్దేదెవరు?

దేవరకొండ వైపు ఒక ఊళ్లో పాత గడీ, అంటే దొరల పెద్ద ఇల్లు, ఉంది. ఇరవైకి పైగా అర్రలు, వాడుతున్నవి రెండే. వాన పడితే ఆ రెండింట్లోనూ బకెట్లు పెట్టుకోవాలి. ఇంట్లో ఉండే పెద్దామెను కిరాణా షాపాయన ఇప్పటికీ ‘దొరసానమ్మా’ అనే పిలుస్తాడు, ఉద్దెర ఖాతా రాసుకుంటూనే. కొడుకులు అమ్మేద్దామంటారు, ఆమె వినదు. ఈ తగువుకు మూలం నిజాం కాలంలో ఉంది.

ఇలాంటి గడీల దొరల్లో చాలామంది దేశ్‌ముఖ్‌లు. వీళ్లు మొదట్లో సర్కారుకు శిస్తు వసూలు చేసిపెట్టేవాళ్లు. 1860లలో నిజాం దివాను మొదటి సాలార్‌జంగ్ జిల్లాలు ఏర్పరచి ఆ పనిని ఉద్యోగులకు అప్పగించాడు. పని పోయినా వీళ్లకు సర్కారు నుంచి ఏటా ‘రుసుం’ ముట్టేది. సర్వేలప్పుడు రైతులు దున్నుకుంటున్న భూములు కూడా చాలాచోట్ల వీళ్ల పేర పట్టా అయ్యాయి.

గడీ అంటే డంగుసున్నం గోడలు, టేకు స్తంభాలు, పైన గూన పెంక. ఈ పెంకతోనే తంటా. కోతులు ఎక్కినా, గాలిదుమారం వచ్చినా పక్కకు జరుగుతుంది. వానాకాలానికి ముందే ఎవరో పైకెక్కి, పగిలినవి తీసేసి, ఒక్కొక్కటీ మళ్లీ సర్దాలి. ఒక్క ఏడాది వదిలేస్తే నీళ్లు వాసాల్లోకి దిగుతాయి, వెనకాలే చెదలు. ఆ రోజుల్లో ఇదంతా వెట్టి. కుమ్మరి, వడ్రంగి, చాకలి, అందరూ వంతులవారీగా వచ్చి చేసిపోవాల్సిందే. కూలి లెక్క రాసినవాడు లేడు కాబట్టి, ఆ ఇల్లు నిలబడటానికి ఏటా ఎంతవుతుందో దొరకు కూడా తెలిసి ఉండదు.

1946 జులై 4న, అప్పటి నల్లగొండ జిల్లా కడవెండిలో దొరకు ఎదురుతిరిగిన ఊరేగింపులో ఉన్న దొడ్డి కొమరయ్యను దొర మనుషులు కాల్చి చంపారు. అక్కడి నుంచి వెట్టి ఊరూరా ఆగిపోతూ వచ్చింది. దొరలు హైదరాబాద్ బాట పట్టారు. 1948 పోలీసు చర్య తర్వాత చాలామంది తిరిగొచ్చారు, ఉత్త చాకిరీ మాత్రం మునుపటిలా రాలేదు. 1950లో కౌలుదారీ చట్టం, 1973లో భూపరిమితి చట్టం వచ్చాయి. ఐదుగురి కుటుంబానికి, నేలను బట్టి, తరి (మాగాణి) అయితే 10 నుంచి 27 ఎకరాలు, ఖుష్కి (మెట్ట) 35 నుంచి 54 దాకానే ఉంచుకోవచ్చు. బినామీ పేర్లతో తప్పించుకున్నవాళ్లూ ఉన్నారనుకోండి. చట్టం పొలం దాకే వచ్చింది, ఇంటి జోలికి రాలేదు. తిండిపెట్టే భూమి పోయి, తినే ఇల్లు మిగిలింది.

పైగా వాటాలు. అమ్మాలంటే అన్నదమ్ముల పిల్లలందరి సంతకాలు కావాలి. బాగుచేయిద్దామంటే ఒక్కరి దగ్గరా పైసలుండవు.

సంస్థానాలకు వేరే దారి దొరికింది. వనపర్తి రాజభవనంలో పాలిటెక్నిక్, గద్వాల కోటలో డిగ్రీ కాలేజీ వచ్చాయి. పల్లెటూరి గడీని అడిగేది మాత్రం స్తంభాలు, దర్వాజలు కొనుక్కుపోయే పాత కలప వ్యాపారులే. ఊళ్లో జాలిపడేవాళ్లు తక్కువ. ఎందుకు పడతారు?

మొన్న ఎండాకాలం ఆ పెద్దామె పెంక సర్దడానికి పిలిపించిన మేస్త్రీ వాళ్ల తాత అదే కప్పు మీద వెట్టి చేసినవాడు. ఇతను నిచ్చెన వేయకముందే కూలి మాట్లాడుకున్నాడు. ఆమె దగ్గరున్న పైసలకు వంటింటి వైపు మాత్రమే అయింది.