టామ్ డేలీ మళ్ళీ ఆ పది మీటర్ల మెట్లు ఎందుకెక్కాడు

2024 జులై 29న పారిస్ ఒలింపిక్స్‌లో బ్రిటన్ డైవర్లు టామ్ డేలీ, నోవా విలియమ్స్ కలిసి పది మీటర్ల సింక్రో డైవింగ్‌లో, అంటే ఇద్దరూ ఒకేసారి ఒకేలా దూకే పోటీలో, సిల్వర్ కొట్టారు. చైనా జోడీకి 490.35 పాయింట్లు, వీళ్ళకి 463.44, అంటే గోల్డ్ దగ్గర్లో కూడా లేదు. డేలీకి అప్పటికి ముప్పై ఏళ్ళు, ఇద్దరు పిల్లల తండ్రి, టోక్యోలో గోల్డ్ వచ్చేసింది, ఆ తర్వాత దాదాపు రెండేళ్ళు ఆటకి దూరంగానే ఉన్నాడు. మరి అన్నీ చేతికొచ్చాక మళ్ళీ ఎందుకొచ్చాడు అన్నది చాలామందికి వచ్చిన డౌటే, నాకూ వచ్చింది, దానికి జవాబు కావాలంటే చాలా వెనక్కి వెళ్ళాలి.

ముందు అసలు ఈ పది మీటర్లంటే ఎంతో చెప్పాలి. చిన్నప్పుడు మా ఊళ్ళో వ్యవసాయ బావి గట్టు మీంచి దూకేవాళ్ళం, వేసవి సెలవులంతా అదే పని. ఒకసారి పల్టీ సగంలోనే ఆగిపోయి వెల్లకిలా పడ్డాను, ఆ చప్పుడుకి పైనున్న వాళ్ళంతా ఒక్కసారి నోరు మూసేశారు, వీపంతా కందిపోయి రెండు రోజులు చొక్కా తగిలితే మంట. ఆ ఎత్తు నాలుగు మీటర్లు ఉంటే ఎక్కువ. పది మీటర్లంటే మూడంతస్తుల మేడ పిట్టగోడ మీద నిలబడినట్టు, అక్కడ్నుంచి నీళ్ళని తాకేసరికి స్పీడు గంటకి 50 కిలోమీటర్లు ఉంటుంది, గాల్లో ఉండేది ఒకటిన్నర సెకను, ఆ కాస్త టైమ్‌లోనే మూడున్నర, నాలుగున్నర పల్టీలు తిరిగి నిటారుగా దిగాలి. దిగేటప్పుడు అరచెయ్యి మీద అరచెయ్యి పెట్టి నీళ్ళకి చదునుగా ఆనిస్తారు, నీళ్ళు చింది పైకి లేవకుండా ఉండటానికి, కానీ ఆ దెబ్బంతా మణికట్లూ మోచేతులూ భుజాలే తినాలి. ఒక్కసారి కాదు, ప్రాక్టీస్‌లో రోజూ. ఇలాంటి ఈవెంట్‌లో ఒక మనిషి బీజింగ్ నుంచి పారిస్ దాకా ఐదు ఒలింపిక్స్ ఆడాడంటే అది మాటలు కాదు.

డేలీది ఇంగ్లండ్‌లోని ప్లిమత్, పుట్టింది 1994 మే 21న. బీజింగ్‌కి వెళ్ళినప్పుడు పద్నాలుగేళ్ళ పిల్లాడు, బ్లేక్ ఆల్డ్రిడ్జ్‌తో సింక్రోలో దిగితే ఎనిమిది జోడీల్లో ఎనిమిదో స్థానం, సింగిల్స్‌లో ఏడో స్థానం. ఎక్కడ పోటీ జరిగినా వాళ్ళ నాన్న రాబర్ట్ వెంట ఉండేవాడు, ఆయనకి బ్రెయిన్ ట్యూమర్ అని 2006లోనే తెలిసింది. 2009లో రోమ్‌లో పదిహేనేళ్ళకే డేలీ వరల్డ్ ఛాంపియన్ అయ్యాడు, ఆ ప్రెస్‌మీట్‌లో ఆయన విలేకరుల మధ్య నుంచి లేచి, నేను టామ్ వాళ్ళ నాన్నని, ఒకసారి వచ్చి నన్ను హత్తుకుంటావా అని అడిగాడు. పిల్లాడు అందరి ముందూ సిగ్గుతో ముడుచుకుపోయాడు. మరుసటి ఏడాది మన ఢిల్లీ కామన్వెల్త్ గేమ్స్‌లో రెండు గోల్డ్‌లు, సింగిల్స్‌లో ఒకటి, మాక్స్ బ్రిక్‌తో సింక్రోలో ఒకటి. 2011 మే 27న, కొడుక్కి పదిహేడు నిండిన ఆరో రోజు, రాబర్ట్ చనిపోయాడు. వయసు నలభై. సొంతగడ్డ మీద లండన్ ఒలింపిక్స్‌కి ఇంకో ఏడాది ఉంది.

లండన్‌లో పీట్ వాటర్‌ఫీల్డ్‌తో సింక్రోలో నాలుగో స్థానం. సింగిల్స్ ఫైనల్‌లో మొదటి డైవ్‌కే జనం కెమెరాల ఫ్లాష్‌లు కళ్ళల్లో పడ్డాయని కంప్లయింట్ చేస్తే మళ్ళీ దూకనిచ్చారు, చివరికి బ్రాంజ్ వచ్చింది. అందరికీ ఆ బ్రాంజే గుర్తుంది, కానీ ఆ డైవ్ మాత్రం డేలీ లోపల ఉండిపోయింది. వెనక్కి దూకి రెండున్నర పల్టీలు, రెండున్నర మెలికలు తిరిగే డైవ్ అది, తర్వాత దాని పేరెత్తితేనే భయం పట్టుకునే స్థితికి వచ్చాడు. లండన్‌కి మారి జేన్ ఫిగరేడో దగ్గర ట్రైనింగ్ మొదలుపెట్టాక ఆ డైవ్‌ని వదిలేసి దాని బదులు వేరేది నేర్చుకున్నాడు. ఈ లాంగ్ కెరీర్‌లో నాకు అన్నిటికంటే పెద్దగా కనిపించేది ఇదే, ఏళ్ళ తరబడి చేసిన డైవ్‌ని పక్కన పెట్టి మళ్ళీ మొదట్నుంచీ నేర్చుకోవడం.

ఈ మధ్యలోనే, 2013 డిసెంబర్ 2న, తను ఒక అబ్బాయిని ప్రేమిస్తున్నానని యూట్యూబ్‌లో చెప్పాడు. సరిగ్గా తొమ్మిది రోజులకి, డిసెంబర్ 11న, స్వలింగ సంబంధాలని నేరంగా చూసే సెక్షన్ 377ని మన సుప్రీంకోర్టు మళ్ళీ నిలబెట్టింది. డేలీ గోల్డ్ కొట్టిన ఢిల్లీలోనే, తనలాంటి వాళ్ళు మళ్ళీ నేరస్తులయ్యారు. 2018 ఏప్రిల్‌లో ఆస్ట్రేలియాలోని గోల్డ్ కోస్ట్‌లో కామన్వెల్త్ గేమ్స్ గెలిచాక కామన్వెల్త్ దేశాల్లో ఇలాంటి చట్టాలు పోవాలని గట్టిగానే మాట్లాడాడు, అదే ఏడాది సెప్టెంబర్ 6న మన దగ్గర ఆ శిక్ష పోయింది. అది డేలీ వల్ల కాదు, మన వాళ్ళు ఏళ్ళ తరబడి కోర్టుల్లో కొట్లాడితే వచ్చింది, అయినా ఒక ఆటగాడు మెడల్ మెడలో ఉండగానే ఈ మాట ఎత్తడం చిన్న విషయం కాదు.

రియోలో డాన్ గుడ్‌ఫెలోతో బ్రాంజ్, సింగిల్స్ ప్రిలిమ్స్‌లో 571.85తో ఒలింపిక్ రికార్డు, ఆ మర్నాడే సెమీస్‌లో పద్దెనిమిది మందిలో ఆఖరు. ఒక్క రాత్రిలో! ఏడాది తిరక్కుండానే బుడాపెస్ట్‌లో రియో ఛాంపియన్ చెన్ ఐసెన్‌నే ఓడించి మళ్ళీ వరల్డ్ ఛాంపియన్ అయ్యాడు.

తర్వాత ఇంకో బ్రిటన్ డైవర్ మాటీ లీ లీడ్స్ నుంచి లండన్‌కి మకాం మార్చి డేలీతో జత కట్టాడు. టోక్యోకి కొన్ని వారాల ముందు డేలీ మోకాలికి ఆపరేషన్. అయినా 2021 జులై 26న 471.81 కొట్టి ఆగారు, చైనా వాళ్ళ ఆఖరి డైవ్ మిగిలుంది, 2004 నుంచి ఈ ఈవెంట్‌లో చైనా ఒలింపిక్ గోల్డ్ వదల్లేదు. బోర్డు మీద పడింది 470.58. తేడా 1.23. ఆ మెడల్‌కి గీతలు పడకుండా డేలీ ఊలుతో చిన్న సంచీ అల్లుకున్నాడు, ఒకవైపు బ్రిటన్ జెండా, ఇంకోవైపు జపాన్ జెండా. కానీ కోవిడ్ వల్ల టోక్యోలో ప్రేక్షకుల్లేరు, ఇంట్లో వాళ్ళెవరూ కళ్ళారా చూళ్ళేదు.

2023లో అమెరికాలోని కొలరాడో స్ప్రింగ్స్‌లో ఒలింపిక్ మ్యూజియం చూడటానికి కుటుంబంతో వెళ్ళి అక్కడ వీడియో చూస్తూ ఏడ్చేశాడు. పక్కనున్న పెద్దకొడుకు ఎందుకేడుస్తున్నావని అడిగి, నువ్వు ఒలింపిక్స్‌లో దూకుతుంటే చూడాలనుంది పప్పా అన్నాడట. అదీ మళ్ళీ మెట్లెక్కడానికి కారణం. పారిస్‌లో నోవాతో దూకినప్పుడు ఆ పిల్లాడు గ్యాలరీలోనే ఉన్నాడు, ఆ పోటీ తర్వాత ఆగస్టులో డేలీ రిటైర్మెంట్ చెప్పేశాడు.

ఆ పిల్లాడిని ఇంట్లో రాబీ అంటారు. మన ఇళ్ళల్లో తాత పేరు మనవడికి పెట్టుకున్నట్టే, అసలు పేరు రాబర్ట్.