ఓక్‌మాంట్‌లో బంతి ఎందుకు ఆగదు?

అమెరికాలోని పిట్స్‌బర్గ్ నగర శివార్లలో ఓక్‌మాంట్ కంట్రీ క్లబ్ అనే గోల్ఫ్ మైదానం ఉంది. తెలుగు కుటుంబాలు తరచూ వెళ్లే పెన్‌హిల్స్ వేంకటేశ్వరాలయానికి అది కొద్ది మైళ్ల దూరమే. అయితే సభ్యులకూ వారు వెంట తీసుకువచ్చిన అతిథులకూ తప్ప అక్కడ ఆడే వీలు లేదు కనుక, మనవారిలో చాలామంది ఆ మైదానాన్ని టీవీలోనే చూసి ఉంటారు. ఉక్కు వ్యాపారి హెన్రీ ఫౌన్స్ 1903లో స్థాపించిన ఈ క్లబ్‌లో 2025 నాటికి యూఎస్ ఓపెన్ గోల్ఫ్ పోటీ పదిసార్లు జరిగింది. మరే మైదానానికీ అన్నిసార్లు ఆ అవకాశం దక్కలేదు. దానికి తగ్గట్టే ఇక్కడి ఫెయిర్‌వేలు, అంటే బంతిని నడిపించే పచ్చిక దారులు, ఇరుకైనవి, 2025 పోటీలో వాటి పక్కన ఉండే రఫ్‌లోని గడ్డి ఐదు అంగుళాల ఎత్తుంది, ఎనిమిదో హోల్‌లో (ఒక్కో రంధ్రం దాకా సాగే ఆట భాగమే హోల్) ఒకే దెబ్బతో గ్రీన్ చేరాలంటే కొన్ని రోజులు 300 గజాల దాకా కొట్టాలి. ఇవన్నీ కష్టాలే కానీ, బలమూ గురీ ఉన్నవాడు వీటిని నెగ్గుకురాగలడు. ఓక్‌మాంట్‌ను నిజంగా ప్రత్యేకంగా నిలిపేవి దాని గ్రీన్‌లు, అంటే రంధ్రం చుట్టూ నున్నగా కత్తిరించిన పచ్చిక తలాలు.

గ్రీన్ వేగాన్ని కొలిచే పరికరం పుట్టుకకు కారణమూ ఓక్‌మాంటే. 1935 యూఎస్ ఓపెన్‌లో జీన్ సారజెన్ పటర్‌తో (గ్రీన్ మీద వాడే కర్రతో) దొర్లించిన బంతి గ్రీన్ దాటిపోయి బంకర్ అనే ఇసుక గుంటలో పడటం ఎడ్వర్డ్ స్టింప్సన్ అనే అమెచ్యూర్ ఆటగాడు చూశాడు. ఆ ఏడాది నాలుగు రౌండ్లను కలిపి 300 లోపు దెబ్బలతో ముగించినవాడు విజేత శామ్ పార్క్స్ ఒక్కడే. తప్పు ఆటగాడిదా, పచ్చికదా అన్నది తేల్చాలంటే కొలత కావాలని స్టింప్సన్ ఒక చెక్క పరికరం తయారుచేశాడు. అమెరికా గోల్ఫ్ సంఘం 1970లలో దాన్ని అల్యూమినియంతో రూపొందించి, స్టింప్‌మీటర్ పేరుతో మైదానాల నిర్వాహకులకు అందించింది. మూడడుగుల గాడి కమ్మీలో బంతిని ఉంచి, ఒక చివరను మెల్లగా ఎత్తుతారు. సుమారు 20 డిగ్రీల వాలు రాగానే బంతి తనంత తాను జారి, సెకనుకు దాదాపు 1.83 మీటర్ల వేగంతో పచ్చికను చేరుతుంది. సమతలం మీద అది ఎన్ని అడుగులు దొర్లితే ఆ గ్రీన్ వేగం అంత. మామూలు మంచి గ్రీన్ మీద పది అడుగులు దొర్లే బంతి, యూఎస్ ఓపెన్ నాటి ఓక్‌మాంట్ మీద పద్నాలుగు అడుగులు దాటుతుంది.

పది నుంచి పద్నాలుగు అంటే పెరిగింది నలభై శాతమే కదా అనిపిస్తుంది. సమతలం మీద నిజమే, కానీ ఓక్‌మాంట్‌లో సమతలం దొరకడమే అరుదు. వాలులో దిగే బంతిని గురుత్వాకర్షణ ముందుకు లాగుతుంటే, గడ్డి ఘర్షణ వెనక్కి పడుతుంది. బంతి ఎంత దూరం పోతుందో నిర్ణయించేది ఈ రెంటి తేడా. నూటికి నాలుగు వంతుల వాలు తీసుకుని లెక్కవేద్దాం. స్టింప్‌మీటర్ ఇచ్చే వేగంతోనే బంతిని కిందికి వదిలితే, పది అడుగుల గ్రీన్ మీద అది సుమారు 6 మీటర్లు పోయి ఆగుతుంది. పద్నాలుగు అడుగుల గ్రీన్ మీద దాదాపు 15 మీటర్లు పోతుంది. అదే బంతిని ఎగువకు పంపితే రెండున్నర మీటర్లకే ఆగిపోతుంది. వాలు 5.6 శాతానికి చేరితే పద్నాలుగు అడుగుల గ్రీన్ మీద తేడా సున్నా అవుతుంది, అంటే కదిలిన బంతికి ఆగే కారణమే ఉండదు. పది అడుగుల గ్రీన్ మీద ఆ పరిస్థితి రావాలంటే దాదాపు 8 శాతం వాలు ఉండాలి. పాత కాలపు నెమ్మది పచ్చిక మీద నిరపాయంగా ఉన్న వాలే నేటి పచ్చిక మీద ఆటగాణ్ణి ముంచుతుంది. అందుకే వేగాన్ని విడిగా, వాలును విడిగా చెప్పే వర్ణనలు నాకు ఎప్పుడూ అసంపూర్ణంగా తోస్తాయి.

ఘర్షణ ఎక్కడి నుంచి వస్తుందంటే, 46 గ్రాముల లోపు బరువున్న బంతి గడ్డి మొనలను వంచుతూ, కొద్దిగా కుంగుతూ దొర్లుతుంది. వంగిన మొనలు తిరిగి లేచినా, వాటిని వంచడానికి ఖర్చయిన శక్తి బంతికి తిరిగి రాదు. ఓక్‌మాంట్‌లో పోవా అన్నువా అనే గడ్డి దట్టంగా అల్లుకుని ఉంటుంది. దాన్ని సుమారు రెండున్నర మిల్లీమీటర్ల ఎత్తుకు కత్తిరించి, రోలర్లతో అణచి, నీటిని పొదుపుగా పెడతారు. క్యారమ్ బల్ల మీద పౌడరు చేసే పనినే ఇక్కడ కోత, రోలరు, పొడి నేల కలిసి చేస్తాయి. 1990ల నుంచి వేల చెట్లను కొట్టివేయడంతో ఎండా గాలీ ధారాళంగా తగిలి నేల మరింత గట్టిపడింది. దీనికి తోడు 1, 10, 12 హోల్స్‌లో గ్రీన్ ఆటగాడి వైపు కాక, అతనికి అవతలి వైపు వాలి ఉంటుంది. దూరం నుంచి గాలిలో వచ్చిన బంతిని వెనుక స్పిన్ కూడా అక్కడ సరిగా పట్టి ఉంచలేదు. నేర్పరులు బంతిని గ్రీన్ ముందే దించి, దొర్లుతూ ఎక్కేలా కొడతారు.

ఇంత సన్నని ఘర్షణ మీద నిలిచిన బంతి నిలకడను కూడా నమ్మలేం. 2016 యూఎస్ ఓపెన్ చివరి రోజు, ఐదో గ్రీన్ మీద డస్టిన్ జాన్సన్ పటర్‌ను సిద్ధం చేసుకుంటుండగా బంతి వెనక్కి రవ్వంత కదిలింది. తాను కదపలేదని అతను చెప్పినా, అధికారులు రౌండ్ ముగిశాక ఒక స్ట్రోక్ (దెబ్బ) జరిమానా వేశారు. అయినా అతను మూడు స్ట్రోకుల తేడాతో గెలిచాడు. గ్రీన్ మీద బంతి పొరపాటున కదిలితే జరిమానా లేదనే స్థానిక నిబంధన 2017 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. నా దృష్టిలో అది నియమాలు భౌతికశాస్త్రానికి ఆలస్యంగా ఇచ్చిన గుర్తింపు.

2025లో ఇక్కడే జె.జె. స్పాన్ చివరి గ్రీన్ మీద 64 అడుగుల దూరం నుంచి బంతిని రంధ్రంలో వేసి, పార్‌కు (మైదానానికి నిర్ణయించిన దెబ్బల లెక్కకు) ఒకటి తక్కువతో గెలిచాడు. పార్ కంటే తక్కువ స్కోరుతో ముగించినవాడు అతనొక్కడే. దొర్లే దూరం వేగం వర్గానికి అనులోమంగా ఉంటుంది కనుక, సమతలం మీదైనా అంత దూరపు దెబ్బలో వేగం ఐదు శాతం తప్పితే బంతి రెండు మీటర్లు అటో ఇటో ఆగుతుంది. ఆ రోజు మధ్యలో కురిసిన వాన ఆటను గంటన్నరకు పైగా ఆపింది. తడిసిన గడ్డి ఘర్షణ పెంచుతుంది కాబట్టి ఉదయపు అంచనా సాయంత్రానికి పనికిరాదు. స్పాన్‌కు ఒక వెసులుబాటు దొరికింది: దాదాపు అదే దారిలో విక్టర్ హోవ్‌లాండ్ అతనికంటే ముందు పట్ (పటర్‌తో దొర్లించే దెబ్బ) ఆడాడు, ఆ బంతి ఎక్కడ వంగిందో, ఎంత నెమ్మదించిందో స్పాన్ నిలబడి చూశాడు.