వెబ్ సర్వీసు డేటాబేస్ కాదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

కర్నూలు చుట్టుపక్కల దుకాణాలకు, చిన్న సంస్థలకు ప్రోగ్రాములు రాసివ్వడం నా పని. వేరేవాళ్ళు కట్టిన వాటిని బాగుచేయడమూ అందులో భాగమే. అలా వచ్చే కోడ్‌లో ఒకే నమ్మకం మళ్ళీ మళ్ళీ కనిపిస్తోంది.

అపోహ: వెబ్ సర్వీసు (నెట్ ద్వారా అడిగితే డేటా ఇచ్చే ప్రోగ్రాము) మీద ఒక డేటా యాక్సెస్ లేయర్ (డేటా తెచ్చిచ్చే కోడ్ పొర) వేస్తే దాన్ని డేటాబేస్ లాగే క్వెరీ చేసుకోవచ్చు, అంటే షరతులు చెప్పి వెతికించుకోవచ్చు.

వాస్తవం: క్వెరీ రాసుకోవచ్చు. అది నడిచే చోటు మాత్రం మీరు అనుకున్నది కాకపోవచ్చు. డేటాబేస్‌కు ఏ షరతు చెప్పినా తానే వెతికి, సరిపోయిన వరుసలే ఇస్తుంది. వెబ్ సర్వీసు తాను ఒప్పుకున్న పారామీటర్లు (అభ్యర్థనతో పంపే విలువలు) తప్ప ఇంకేమీ వినదు.

ప్రభుత్వ డేటా సైటు డేటా డాట్ గవ్ డాట్ ఇన్‌లో రోజువారీ మార్కెట్ ధరల ఏపీఐ ఉంది, అంటే ప్రోగ్రాములు నేరుగా అడగగల వెబ్ సర్వీసు. రాష్ట్రం, మార్కెట్, సరుకు పేర్లతో ఫిల్టర్లు ఇవ్వవచ్చు. లిమిట్ (ఎన్ని వరుసలు), ఆఫ్‌సెట్ (ఎక్కడి నుంచి) పెట్టి పేజీలుగా తెచ్చుకోవచ్చు. నమూనా కీతో (ఏపీఐని ప్రయత్నించి చూడటానికి ఇచ్చే సంకేతంతో) అడిగితే గరిష్ఠంగా 10 వరుసలే వస్తాయి. ఆ సంగతి అక్కడే రాసి ఉంటుంది, చదివేవాళ్ళే తక్కువ.

ఆదోనిలో ఒక కమీషన్ దుకాణానికి ఎవరో కుర్రవాడు దీని మీద ప్రోగ్రాము కట్టి ఇచ్చాడు. క్వెరీ చూడముచ్చటగా ఉంది: మార్కెట్ ఆదోని, సరుకు పత్తి. కింద ఉన్న లేయర్ మాత్రం ఏ ఫిల్టరూ పంపకుండా మొదటి పేజీ తెచ్చి, ఆ 10 వరుసల్లో ఆదోని కోసం వెతుకుతోంది. అవన్నీ ఎక్కడెక్కడివో వంకాయలు, టమాటాలు. గుమాస్తా నాకు ఫోను చేసి, "సార్, యార్డులో పత్తి బండ్లు బారులు తీరి ఉంటే ఇదేమో ఈ రోజు సరుకే రాలేదంటోంది" అన్నాడు. ఎర్రర్ ఒక్కటీ లేదు, లాగ్ నిండా 200లే (అంతా సవ్యమనే సంకేతం). ఫలితం ఖాళీగా వచ్చింది కాబట్టి అతనికి అనుమానమైనా కలిగింది. కొన్ని పేజీలే తెచ్చి సగటు ధర కట్టి ఉంటే ఆ అంకె నిజంలాగే కనిపించేది, దాన్ని నమ్మి బేరం కూడా అయిపోయేది.

మైక్రోసాఫ్ట్ డాట్‌నెట్‌లో 2007లో లింక్ (LINQ) క్వెరీలు వచ్చాయి, అంటే కోడ్‌లోనే క్వెరీ రాసే పద్ధతి. అందులోని ఐక్వెరియబుల్ అనే రకం రాయగానే అంతా సర్వరే చూసుకుంటుందని ఇప్పటికీ చాలామంది ధీమా. అది మీ షరతును ఎక్స్‌ప్రెషన్ ట్రీగా (విడదీసి చదవగల రూపంలో) అందిస్తుంది, అంతే. "మార్కెట్ ఆదోనికి సమానం" అన్న ముక్కను అందులోంచి తీసి ఫిల్టర్ పారామీటర్‌గా మార్చే కోడ్ ఎవరో ఒకరు రాయాలి. సర్వీసుకు చేతకాని షరతు తగిలితే రెండే దారులు. అన్ని పేజీలూ తెచ్చి మన దగ్గర వడకట్టాలి, అదీ కోడ్ చదివేవాళ్ళకు తెలిసేలా. లేదా ఎక్సెప్షన్ ఇవ్వాలి, అంటే పని ఆపి తప్పు జరిగిందని చెప్పాలి. నా ఓటు ఎక్సెప్షన్‌కే. అసలు డేటాబేస్‌లతో పనిచేసే ఎంటిటీ ఫ్రేమ్‌వర్క్ కోర్ కూడా 2019లో 3.0తో, డేటాబేస్ భాష ఎస్‌క్యూఎల్‌గా మార్చలేని షరతును గుట్టుగా క్లయింట్ (అడిగే ప్రోగ్రాము) దగ్గర వడకట్టడం మానేసి ఎక్సెప్షన్ ఇవ్వడం మొదలుపెట్టింది.

ఇందులోనే ఇంకో ఉచ్చు. "ఎక్కువ ధర ముందు వచ్చేలా పేర్చి మొదటి 5" అని అడిగారనుకోండి. లేయర్ ఆ 5ను లిమిట్‌గా పంపేసి, పేర్చడం మాత్రం మన దగ్గర చేస్తే వచ్చేవి అత్యధిక ధరలు కావు. చేతికందిన ఏవో అయిదింటిని వరుసలో పెట్టినట్టు. పేర్చడం మన దగ్గరైతే కోయడం కూడా మన దగ్గరే జరగాలి. ఫిల్టర్‌కు ముందే టులిస్ట్ పెట్టి, వడకట్టకుండానే అంతా మన దగ్గరకు లాగేవాళ్ళకు చెప్పి చెప్పి నా ఓపిక అయిపోయింది.

మిగతావి గబగబా. ఎసింక్ రాస్తే సర్వీసు వేగం పెరగదు, జవాబు కోసం నిలిచిపోకుండా మన త్రెడ్ (కోడ్ నడిపే దారి) వేరే పనికి ఖాళీగా ఉంటుంది. క్యాష్ (తెచ్చిన జవాబును దాచి వాడుకోవడం) పెడితే పాత ధర చూపిస్తుందని భయమా? సర్వీసు ఈట్యాగ్ (డేటా ఏ వెర్షనో చెప్పే గుర్తు) ఇస్తుంటే దాన్ని తిరిగి పంపండి, డేటా మారకపోతే 304, అంటే "మారలేదు" అనే జవాబు వస్తుంది. టైమౌట్ (జవాబు కోసం ఎంతసేపు ఆగాలన్న గడువు) దానంతటదే ఉంటుందనుకోకండి: డాట్‌నెట్ హెచ్‌టీటీపీక్లయింట్‌కు 100 సెకన్లు, పైథాన్ రిక్వెస్ట్స్‌లో మీరు పెట్టకపోతే అసలు లేదు. విఫలమైన గెట్‌ను (డేటా అడిగే అభ్యర్థనను) మళ్ళీ పంపవచ్చు, పోస్ట్‌ను (డేటా అందజేసే అభ్యర్థనను) కళ్ళు మూసుకుని పంపకండి.

429 ఎర్రర్ గురించి మాత్రం కాస్త ఆగి చెప్పాలి. కడప నుంచి ఒక ఇంజినీరింగ్ విద్యార్థిని అర్ధరాత్రి మెసేజ్ పెట్టింది: "సార్, 429 వచ్చింది. ఇక నా కీ పనిచేయదట, రేపే ప్రాజెక్టు చూపించాలి." ఎవరో వాట్సాప్ గ్రూపులో చెప్పారట, ఆ అమ్మాయి నిద్రపోలేదు. 429 అంటే తక్కువ సమయంలో ఎక్కువసార్లు అడిగారని, అంతకుమించి ఏమీ లేదమ్మా అని చెప్పాను. జవాబులో రిట్రై-ఆఫ్టర్ హెడర్ ఉంటే అందులో చెప్పినంతసేపు ఆగాలి, లేకపోతే ప్రతిసారీ విరామం పెంచుకుంటూ అడగాలి. ఆమె కోడ్‌లో ఒక్కో మార్కెట్ పేరుకు ఒక్కో కాల్ వెళ్ళే లూప్ ఉంది. రాష్ట్రం ఫిల్టర్ ఒక్కటే పంపి, పేజీలన్నీ తెచ్చుకుని, మార్కెట్ల వారీగా విడదీయడం తన దగ్గరే పెట్టుకోమన్నాను.