పిల్లల మంచం దాకా స్కానింగ్ మెషీన్ ఎందుకు రాలేదు?

వెంటిలేటర్ మీదున్న పాపకు పాలు పట్టాలా, ఆపాలా? మంచం దగ్గరే స్కానింగ్ చేసి కడుపులో ఎంతుందో చూద్దామని పిల్లల డాక్టర్లు అంటారు. మెషీన్ గది దాటితే చట్టం ఒప్పుకోదని స్కానింగ్ చూసే రేడియాలజిస్టులు అంటారు. నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు ఈ వాదన ఎప్పుడు లేచినా 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం పేరే వినిపిస్తుంది. ఆ చట్టం కథ అందరికీ తెలుసు. నా లెక్కలో అసలు మలుపు అది కాదు. 2012 ఫిబ్రవరిలో నిబంధనలకు చేసిన సవరణ.

చేత్తో మోసుకెళ్లే స్కానింగ్ మెషీన్లు అప్పటికి ఊళ్లలోకి వచ్చేశాయి. కారులో పెట్టుకుని వెళ్లి, ఏ ఇంట్లోనో పరీక్ష చేసి, ఆడో మగో చెప్పి వెళ్లిపోవడానికి వీలు దొరికింది. అందుకే పోర్టబుల్ మెషీన్లను ఎక్కడ వాడాలో ఆ సవరణ గీత గీసింది. ఆ కట్టడిని మనవాళ్లు ఎందుకంత గట్టిగా పట్టుకున్నారో తెలియాలంటే వెనక్కి వెళ్లాలి. 1999లో, మళ్లీ 2001లో దేవరకొండ, చందంపేట తండాల్లో ఆడపిల్లల అమ్మకాలు బయటపడ్డాయి. దేశం మొత్తం మీద ఆరేళ్లలోపు పిల్లల్లో ప్రతి వెయ్యి మంది మగపిల్లలకు 1991లో 945 మంది ఆడపిల్లలు ఉండగా, 2001 నాటికి ఆ సంఖ్య 927కు పడిపోయింది. ఇలాంటి చోట స్కానింగ్ మెషీన్‌ను అనుమానంగా చూడటంలో తప్పులేదు.

కానీ ఆ అనుమానం పిల్లల ఐసీయూ గుమ్మం దగ్గర కూడా ఆగలేదు.

ఐసీయూలో ఏం జరుగుతుందో చూద్దాం. పత్తి చేనులో పురుగుమందు తాగిన పిల్లాడు, డెంగీ ముదిరిన పాప, ఫిట్స్ ఆగని పసివాడు. వీళ్లకు పాలు పట్టడానికి ముక్కులోంచి కడుపులోకి రైల్స్ ట్యూబ్ అనే సన్నటి గొట్టం వేస్తారు. పాలు అరిగాయా లేదా అని సిస్టర్ నాలుగు గంటలకోసారి సిరంజితో వెనక్కి లాగి చూస్తుంది. ఎక్కువ వస్తే ఫీడ్ ఆపేస్తారు. ట్యూబ్ కొస కడుపులో ఎక్కడ ఆనుకుంది, సిరంజి ఎంత పెద్దది, పాలు ఎంత చిక్కగా ఉన్నాయి అన్నదాన్ని బట్టి ఆ లెక్క మారిపోతుంది. ఏమీ రాకపోతే కడుపు ఖాళీ అని చెప్పడానికి లేదు. కాస్త ఎక్కువ వచ్చినంత మాత్రాన అరగలేదని అనడానికీ లేదు. పొరపాటున ఆపిన ఒక్కో ఫీడ్ బక్క పిల్లలకు ఎంత నష్టమో ఆ వార్డుల్లో పనిచేసేవాళ్లకు తెలుసు.

2013లో ఫ్రాన్స్‌లో 449 మంది పెద్దల మీద చేసిన పరీక్షలో, ఇలా లాగి చూడటం మానేసినా వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లకు వచ్చే న్యుమోనియా పెరగలేదని తేలింది. పిల్లల్లోనూ దీన్ని రివాజుగా చేయాల్సిన పని లేదని 2020లో యూరప్ పిల్లల ఐసీయూ నిపుణుల సంఘం చెప్పింది.

ఆలోపే ఇంకో దారి తెరుచుకుంది. టొరంటోలో అనాహి పెర్లాస్ అనే మత్తు డాక్టర్ బృందం 2009 నుంచి కడుపు స్కానింగ్‌కు ఒక పద్ధతి తయారుచేసింది. మనిషిని కుడి పక్కకు ఒత్తిగిలిస్తే కడుపులో ఉన్నది కింది భాగానికి చేరుతుంది. రొమ్ము ఎముక కింద ప్రోబ్ పెడితే, కాలేయం ఎడమ భాగానికీ పాంక్రియాస్‌కూ మధ్య ఆ భాగం కనిపిస్తుంది. ఖాళీగా ఉంటే చిన్న గుండ్రటి గురిలా, నీళ్లుంటే నల్లగా ఉబ్బి, పాలుంటే బూడిద రంగులో. దాని వైశాల్యం కొలిచి ఎన్ని మిల్లీలీటర్లో లెక్క కడతారు. పిల్లల్లో కిలోకు 1.25 మి.లీ. దాటితే జాగ్రత్త పడతారు. పది కిలోల పిల్లకు పన్నెండున్నర మి.లీ. అన్నమాట. గొంతులో గొట్టం వేసే ముందు ఈ సంగతి తెలిస్తే, పాలు ఊపిరితిత్తుల్లోకి పోయే ముప్పుకు సిద్ధంగా ఉండొచ్చు.

రేడియాలజిస్టుల మాటలోనూ నిజం ఉంది. పిల్లల లెక్కకు ఆధారమైన 2015 నాటి సూత్రం ఎండోస్కోపీ కోసం పరగడుపున వచ్చిన వంద మంది పిల్లల మీద కట్టింది. ఐసీయూ పిల్లల మీద కట్టింది కాదు. గ్యాస్ ఉంటే బొమ్మ కనపడదు. శిక్షణ లేని చేతికి ఇవ్వకూడదు.

అయితే చట్టం అడ్డమన్న మాట మాత్రం నిలవదు. 2012 సవరణను మళ్లీ చదవండి. మెషీన్ ఏ ఆసుపత్రి పేరున రిజిస్టర్ అయిందో ఆ ఆవరణలో, అక్కడ చేరిన రోగులకు పోర్టబుల్ మెషీన్ వాడొచ్చని అందులోనే ఉంది. స్కానింగ్ వివరాలు నింపే ఫారం ఎఫ్ గర్భిణులకే గానీ మూడేళ్ల పాపకు కాదు. మెషీన్‌ను రిజిస్టర్ చేయించడం, వాడే డాక్టర్ల పేర్లు ముందుగా జిల్లా అధికారులకు రాసివ్వడం తప్పనిసరి. అది కాగితాల పని, అంతే. సీజ్ చేస్తారేమో, కేసు పడుతుందేమో అన్న టెన్షన్‌తో ఆ కాగితాల జోలికే పోకుండా మెషీన్‌ను తాళం వేసిన గదిలో ఉంచేస్తే నష్టపోయేది పిల్లలే.

ఆ సవరణ వచ్చిననాటికి ఈ ప్రాంతంలో ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఒక్కటీ లేదు. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండ, సూర్యాపేటల్లో 2019లో, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో వచ్చాయి. అంతకుముందు సీరియస్ అయిన పిల్లల్ని చాలావరకు హైదరాబాద్‌లోని నీలోఫర్ పిల్లల ఆసుపత్రికి రాసి పంపేవాళ్లు. కాబట్టి మంచం దగ్గర స్కానింగ్ గురించి ఇక్కడ అడగాల్సిన అవసరం అప్పట్లో ఎవరికీ పెద్దగా రాలేదు. ఇప్పుడు ఆ పిల్లలు ఇక్కడే చేరుతున్నారు.