బండికి తాళం పడితే అడగాల్సింది ఒక్కటే: 'నో పార్కింగ్' బోర్డు ఎవరు పెట్టారు?

దసరా బేరాలు మొదలయ్యాయంటే అనంతపురంలో ఈ గొడవ రాజుకుంటుంది. సప్తగిరి సర్కిల్ నుంచి పాతూరు దాకా చక్రాలకు తాళాలు, టోయింగ్ వాహనాలు ఎత్తుకెళ్లిన బండ్లు, నడిరోడ్డు మీద వాదులాట. ఊళ్లో బండ్లు ఎలా పెరిగాయో, రోడ్లు ఎలా ఇరుకయ్యాయో అందరికీ తెలిసిన కథే, దాన్ని వదిలేద్దాం. తగువంతా మోటారు వాహనాల చట్టంలోని 127వ సెక్షన్ దగ్గరే ఉంది.

1988 నాటి ఆ సెక్షన్ మొదటి భాగాన్ని 1994లో తిరగరాశారు. ఆ ఏడాది నవంబరు 14న అమల్లోకి వచ్చిన మాటలే ఇప్పటికీ నడుస్తున్నాయి. పబ్లిక్ స్థలంలో పది గంటలు, అంతకు మించి వదిలేసిన బండినైనా, పార్కింగ్‌ను చట్టప్రకారం నిషేధించిన చోట పెట్టిన బండినైనా టోయింగ్ చేయించవచ్చు, లేదా చక్రానికి తాళం వేయించవచ్చు. అనుమతి ఇవ్వాల్సింది ఆ పరిధిలోని, యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి. టోయింగ్ ఖర్చు ఓనరుదే, జరిమానా వేరే.

ఇందులో 'చట్టప్రకారం నిషేధించిన చోట' అన్న ముక్కే కీలకం. ఎవరో ఒక రేకు బోర్డు పాతినంత మాత్రాన నిషేధం అయిపోదు. పార్కింగ్ చోట్లను రాష్ట్ర ప్రభుత్వమో, అది అధికారం ఇచ్చిన సంస్థో స్థానిక సంస్థతో సంప్రదించి నిర్ణయించాలని 117వ సెక్షన్ చెబుతోంది. అయితే ఫుట్‌పాత్, మలుపు, జీబ్రా క్రాసింగ్, బస్టాప్ లాంటి చోట్లకు బోర్డుతో పనిలేదు. 1989 నాటి రోడ్డు నిబంధనలు, వాటి స్థానంలో 2017లో వచ్చిన డ్రైవింగ్ రెగ్యులేషన్స్ అక్కడ బండి పెట్టొద్దనే చెప్పాయి. అలాంటి చోట పెట్టి బోర్డు లేదని వాదిస్తే నిలవదు.

పోయిన ఏడాది పాతూరులో బట్టల కొట్టు ముందు స్కూటర్ పెట్టి లోపలికి వెళ్లాను. బయటికొచ్చేసరికి ముందు చక్రానికి పసుపు క్లాంపు, సీటు మీద ఫోన్ నంబరు రాసిన చీటీ. ఫోన్ చేస్తే ఇరవై నిమిషాలకు ఇద్దరు కుర్రాళ్లు వచ్చారు, ఇద్దరూ మామూలు బట్టల్లోనే. బోర్డు ఏదప్పా అంటే ఒకతను వేపచెట్టు వైపు చెయ్యి చూపించాడు. కొమ్మల వెనక, సగం మీద కోచింగ్ సెంటర్ పోస్టర్ అంటించి ఉంటే, 'నో' ఒక్కటే కనబడుతోంది. అనుమతి ఇచ్చిన అధికారి పేరు చీటీలో లేదు. అడిగిన డబ్బు కట్టి ఇంటికొచ్చాను.

అక్కడే తప్పు చేశావన్నాడు లాయరు మిత్రుడు. చలాన్ కట్టడమంటే 200వ సెక్షన్ కింద రాజీపడటం, ఆ తర్వాత కేసు ఉండదు, వాదనా ఉండదు. వాదించాలంటే కట్టకుండా కోర్టుకు వెళ్తానని చెప్పాలి. బండి మాత్రం వాళ్ల తాళం కిందే ఉంటుంది. సాధారణ తప్పులకు 177వ సెక్షన్ కింద మొదటిసారి జరిమానా ఒకప్పుడు 100 రూపాయల దాకా, 2019 సెప్టెంబరు నుంచి 500. దానికోసం ఒక రోజు కూలి పోగొట్టుకుని కోర్టు మెట్లెక్కేవాళ్లు ఎందరు? అందుకే ఆ 1994 మాటలకు మన ఊళ్లో పరీక్షే జరగడం లేదు.

సర్కిల్ దగ్గర అంబులెన్స్ ఇరుక్కుంటే తిట్లు మాకే కదా అంటారు పోలీసులు. నిజమే. ప్లానులో పార్కింగ్ చూపించి, సెల్లార్‌లో స్కానింగ్ సెంటర్ పెట్టినవాళ్ల తలుపులకు తాళం పడటం మాత్రం నేను చూడలేదు. బెంగళూరులో టోయింగ్ సిబ్బంది తీరు మీద ఫిర్యాదులు ముదిరి 2022 ఫిబ్రవరిలో టోయింగే ఆపేశారు.

ఇప్పుడు నేనైతే తాళం తీయకముందే ఫొటోలు తీస్తాను: చక్రం, చుట్టుపక్కల రోడ్డు, బోర్డు ఉంటే అది ఎంత కనబడుతుందో అదీ. రసీదులో సెక్షన్, అధికారి పేరు, జరిమానా ఎంత, టోయింగ్ ఎంత అన్నది విడివిడిగా రాయమంటాను. తర్వాత సమాచార హక్కు కింద కార్పొరేషన్‌కు ఒక దరఖాస్తు, దానికి పది రూపాయల ఫీజు: ఫలానా రోడ్డులో పార్కింగ్ నిషేధించిన ఉత్తర్వు కాపీ ఇవ్వండి అని.