అండాలు పుట్టుకతోనే లెక్కా? ఒక యాంటీబాడీ చుట్టూ తిరిగిన పదహారేళ్ల వాదన

చెన్నై నుంగంబాకంలోని ఒక సంతాన సాఫల్య కేంద్రం వాళ్లు ఇచ్చిన రేట్ల కాగితం నా ముందుంది. మా పిన్ని కూతురు నెల్లూరులో పినాకిని ఎక్స్‌ప్రెస్ ఎక్కి వచ్చి, పరీక్షలు చేయించుకుని, పోతూ పోతూ నా దగ్గర వదిలివెళ్లింది. అందులో ఎగ్ ఫ్రీజింగ్ ప్యాకేజీ పక్కన, అండాలు పుట్టుకతోనే లెక్కగా వస్తాయి, ఆలస్యం చేయొద్దు అని రాసి ఉంది. నాలుగు వరుసల కింద, మన రక్తంలోని ప్లేట్‌లెట్లనే ఎక్కించే పీఆర్‌పీ ఇంజెక్షన్ ఉంది. దాని పక్కన, అండాశయంలో కొత్త అండాలు వస్తాయి అని ఉంది. మొదటి మాట నిజమైతే రెండోది కాదు. రెండోది నిజమైతే మొదటిదానికి అంత తొందర అక్కర్లేదు.

ఆ అమ్మాయికి ముప్ఫై ఒకటి. అండాల నిల్వ అంచనాకు చేసే ఏఎంహెచ్ అనే బ్లడ్ టెస్టులో తక్కువగా, 0.8 వచ్చింది. "అక్కా, నాకు ఎగ్స్ అయిపోవచ్చాయంట. ఇంక ఏడాదే టైమంట. అత్తయ్యకి ఏమని చెప్పేది?" అని అడిగింది. మూడు రోజులుగా సరిగా అన్నం తినడం లేదని పిన్ని ఫోన్ చేసి చెప్పింది.

2025 నవంబరులో ఐఐటీ హైదరాబాద్ విద్యార్థులతో మాట్లాడుతూ ఉపాసన కొణిదెల, అండాలు భద్రపరచుకోవడం ఆడవాళ్లకు పెద్ద బీమా లాంటిదన్నారు. ఇరవైల్లోనే పెళ్లి చేసుకుని పిల్లల్ని కనమని జోహో సాఫ్ట్‌వేర్ కంపెనీ శ్రీధర్ వెంబు సలహా ఇచ్చారు. అప్పుడు అంటుకున్న గొడవ చల్లారినట్టే చల్లారి మళ్లీ మళ్లీ రాజుకుంటోంది. ఎప్పుడు రాజుకున్నా అడుగున ఉండే ప్రశ్న ఒకటే. అండాలు నిజంగా పుట్టుకతో వచ్చినవేనా, తర్వాత కొత్తవి తయారవుతాయా?

పుట్టుకతో వచ్చినవే అని జర్మన్ శాస్త్రవేత్త వాల్డేయర్ 1870లోనే రాశాడు. ఆ తర్వాత దశాబ్దాల పాటు వాదన అటూ ఇటూ ఊగింది. దాన్ని ఒక కొలిక్కి తెచ్చింది బర్మింగ్‌హామ్‌లో పనిచేసిన సాలీ జుకర్‌మన్. కొత్త అండాలు పుడతాయనే ఆయన కూడా మొదట్లో నమ్మాడు. అనీటా మాండ్ల్‌తో కలిసి ఎలుకల అండాశయాల్లో అండాలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టాక అభిప్రాయం మార్చుకున్నాడు. వయసు పెరిగే కొద్దీ లెక్క తగ్గుతోందే తప్ప ఎక్కడా పెరగడం లేదు. 1951లో ఆయన రాసిన సమీక్షే తర్వాతి అర్ధశతాబ్దానికి పాఠ్యపుస్తకమైంది.

మనుషుల లెక్క 1963లో టి.జి. బేకర్ తేల్చాడు. ఐదో నెలలో గాజులు తొడిగించుకుని కూర్చున్న తల్లి కడుపులో ఆడపిండం ఉంటే, ఆ పిండంలో అప్పటికి దాదాపు 70 లక్షల బీజకణాలు, అంటే అండాలయ్యే కణాలు, ఉంటాయి. ఆ పిల్ల జీవితంలో అంతకన్నా ఎక్కువ ఇంకెప్పుడూ ఉండవు. పుట్టేసరికి 20 లక్షలకు పడిపోతాయి. పెద్దమనిషి అయ్యేనాటికి మిగిలేవి మూడు నాలుగు లక్షలు. వాటిలో జీవితం మొత్తం మీద విడుదలయ్యేవి ఏ నాలుగు వందలో. మిగతావన్నీ ఎవరూ వాడకుండానే కరిగిపోతాయి. అంటే ఈ నష్టంలో పెద్ద భాగం ఆ పిల్ల ఉద్యోగానికో, చదువుకో, పెళ్లి ఆలస్యానికో పోయింది కాదు, తల్లి కడుపులోనే పోయింది. "చదువుల పేరుతో ఆలస్యం చేశారు" అని ఆడపిల్లలను నిలదీసే పెద్దలు ఈ ఒక్క లెక్క తెలుసుకుంటే చాలని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఇంతవరకూ పెద్దగా తగాదా లేదు. అసలు మలుపు 2004 మార్చిలో వచ్చింది. ఆ కాగితం మీది రెండో మాటకు మూలం అక్కడే ఉందని నా నమ్మకం.

బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో జోనథన్ టిల్లీ బృందం చిట్టెలుకల అండాశయాల్లో చచ్చిపోతున్న ఫాలికల్స్‌ను లెక్కపెట్టింది. అండం దాగి ఉండే చిన్న సంచే ఫాలికల్. ఎన్ని చస్తున్నాయో చూస్తే, ఆ వేగానికి నిల్వ కొన్ని వారాల్లోనే ఖాళీ కావాలి. కానీ కావడం లేదు. కాబట్టి లోపల ఎక్కడో కొత్తవి పుడుతుండాలి, పుట్టించే మూలకణాలు ఉండాలి అని వాళ్లు నేచర్ పత్రికలో రాశారు. 2019 వేసవి నీటి కరువులో చెన్నైలో ఉన్నవాళ్లకు ట్యాంకర్‌తో నింపుకున్న సంపుకూ ఊటబావికీ తేడా చెప్పనక్కర్లేదు. ఇన్ని బకెట్లు తోడినా మట్టం దిగలేదంటే అది సంపు కాదు, ఊటబావే అన్నది టిల్లీ వాదం. మగవాళ్లలో వీర్యకణాలు జీవితాంతం కొత్తగా తయారవుతుంటే ఆడవాళ్లలో మాత్రం ఎందుకు కాకూడదన్న ప్రశ్న కూడా దానికి తోడైంది.

వినడానికి బాగుంది. అయితే ఎన్ని బకెట్లు తోడారో సరిగ్గా లెక్కపెట్టారా అని మిగతావాళ్లు అడిగారు. చచ్చిన ఫాలికల్ ఎన్నాళ్లకు కరిగి మాయమవుతుందో కచ్చితంగా తెలియకపోతే, ఒకదాన్నే రెండు మూడుసార్లు లెక్కపెట్టే ప్రమాదం ఉంది. టిల్లీ బృందం 2005లో ఇంకో అడుగు వేసి, ఈ కణాలు ఎముక మజ్జలో పుట్టి రక్తంలో అండాశయానికి చేరతాయంది. మరుసటి ఏడాదే హార్వర్డ్‌లో కెవిన్ ఎగాన్, ఎమీ వేజర్స్ అనే శాస్త్రవేత్తలు రెండు ఎలుకల రక్తప్రసరణను కలిపి చూశారు. వాటిలో ఒకదాని కణాలు ఆకుపచ్చగా మెరుస్తాయి. రెండోదాని నుంచి విడుదలైన అండాల్లో ఆ మెరుపు ఒక్కదానిలోనూ లేదు. ఎముక మజ్జ కథ దాదాపు అక్కడితో ఆగింది.

కానీ మూలకణాల కథ ఆగలేదు. 2009లో షాంఘై బృందం ఎలుకల అండాశయాల నుంచి అలాంటి కణాలు తీసి, వాటి ద్వారా పిల్లలు పుట్టించామంది. 2012 ఫిబ్రవరిలో టిల్లీ బృందం, అవే కణాలు ఆడవాళ్ల అండాశయాల్లోనూ దొరికాయని నేచర్ మెడిసిన్‌లో ప్రకటించింది. పత్రికల్లో అది పెద్ద వార్తయింది.

ఆ కణాలను ఎలా పట్టుకున్నారన్నదే ఇక్కడ ముఖ్యం. డీడీఎక్స్4 అనే ప్రొటీన్ బీజకణాల్లో ఉంటుంది. దానికి అతుక్కునే యాంటీబాడీని గేలంలా వేసి, చిక్కిన కణాలను వేరుచేశారు. మామూలుగా డీడీఎక్స్4 కణం లోపల ఉంటుంది, పైపొర మీద కాదు. బతికున్న కణం మీద వేసిన యాంటీబాడీ పైన ఉన్నదాన్నే పట్టగలదు. ఈ ప్రత్యేక కణాల్లో ఆ ప్రొటీన్ కొస పైకి పొడుచుకు వస్తుందని టిల్లీ బృందం వివరించింది. మిగతా ప్రయోగశాలలకు ఆ వివరణ రుచించలేదు. 2012లో స్వీడన్ నుంచి, 2013లో అమెరికా నుంచి ఎలుకల మీద వచ్చిన పరిశోధనలు పెద్దవయసు అండాశయంలో అలాంటి మూలకణాలు లేవన్నాయి. 2015లో నేచర్ మెడిసిన్‌లోనే మనుషుల్లోనూ లేవన్న అధ్యయనం వచ్చింది.

అప్పటికే ఇందులోకి డబ్బు దిగింది. టిల్లీ సహ వ్యవస్థాపకుడిగా 2011లో ఓవాసైన్స్ కంపెనీ మొదలైంది. ఈ కణాల నుంచి, కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా తీసి, బలహీనమైన అండంలోకి ఎక్కిస్తే గర్భం నిలుస్తుందన్నది దాని చికిత్స. 2013లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అభ్యంతరం చెప్పాక కంపెనీ కెనడా లాంటి దేశాలకు వెళ్లింది. 2015లో అక్కడ మొదటి బిడ్డ పుట్టింది. ఆ బిడ్డ ఈ చికిత్స వల్లే పుట్టిందా, మామూలు ఐవీఎఫ్‌తోనూ పుట్టేదా అన్నది ఒక్క కేసుతో తేలేది కాదు. అది తేల్చడానికి స్పెయిన్‌లోని వాలెన్సియాలో పోల్చి చూసే పరీక్ష పెట్టారు. చికిత్సతో మేలు కనపడకపోవడంతో మధ్యలోనే ఆపేశారు. 2018లో కంపెనీ ఇంకో కంపెనీలో కలిసిపోయింది.

2020 మార్చిలో స్వీడన్‌లోని కరోలిన్స్కా వైద్య పరిశోధన సంస్థలో పౌలీనా డామ్డిమోపౌలౌ బృందం ఆ గేలానికి చిక్కుతున్నదేమిటో నేరుగా చూసింది. సిజేరియన్ సమయంలోనూ, లింగమార్పిడి ఆపరేషన్లలోనూ ఇష్టపూర్వకంగా ఇచ్చిన అండాశయ కణజాలం నుంచి 24 వేలకు పైగా కణాలను తీసుకుని, ఒక్కోదానిలో ఏ జన్యువులు పనిచేస్తున్నాయో విడిగా చదివారు. ఆరు రకాలు తేలాయి. మూలకణాలు వాటిలో లేవు. డీడీఎక్స్4 యాంటీబాడీకి చిక్కినవి రక్తనాళాల చుట్టూ గోడకు అంటుకుని ఉండే మామూలు కణాలు. ఇన్నేళ్లుగా ఊట అనుకున్నది అదీ.

టిల్లీ వైపు వాళ్లు ఈ పద్ధతులను ఒప్పుకోలేదు. ముంబైలోని ఐసీఎంఆర్ సంస్థలో దీపా భర్తియా బృందం కూడా అండాశయం పైపొరలో అతిచిన్న మూలకణాలున్నాయని చాలా ఏళ్లుగా రాస్తూ వచ్చింది. వాదన పూర్తిగా మూతపడిందని అనలేం. కానీ పెద్దవయసు స్త్రీలో కొత్తగా తయారైన అండం నుంచి బిడ్డ పుట్టిందని ఇప్పటివరకూ ఎవరూ నిరూపించలేదు.

కాబట్టి పీఆర్‌పీ వరుస గురించి సూటిగా చెప్తాను. మన రక్తమే తీసి, తిప్పి, ప్లేట్‌లెట్లు ఎక్కువున్న భాగాన్ని అండాశయంలోకి ఎక్కిస్తారు. దానివల్ల కొత్త అండాలు పుడతాయనడానికి ఆధారం లేదు. యూరప్ సంతాన సాఫల్య వైద్యుల సంఘం ఈఎస్‌హెచ్‌ఆర్‌ఈ 2023లో ఇలాంటి అదనపు చికిత్సలను పరిశీలించి దీన్ని సిఫారసు చేయలేదు. చిత్తూరు నుంచో, నెల్లూరు నుంచో పొలం తాకట్టు పెట్టి వచ్చిన దంపతులకు ఆ ఇంజెక్షన్ రాసేముందు ఈ మాట చెప్పడం వైద్యుడి బాధ్యత.

అయితే సంపు సిద్ధాంతం గెలిచింది కదా అని దాని పేరుతో భయపెట్టడం కూడా సరికాదు. ఏఎంహెచ్ పరీక్ష నిద్రాణంగా ఉన్న నిల్వను నేరుగా కొలవదు. ఎదగడం మొదలుపెట్టిన చిన్న ఫాలికల్స్ చుట్టూ ఉండే కణాలు విడుదల చేసే హార్మోన్‌ను కొలుస్తుంది. ఐవీఎఫ్‌లో ఇంజెక్షన్ల మోతాదు నిర్ణయించడానికి, ఎన్ని అండాలు చేతికి రావచ్చో అంచనా వేయడానికి అది బాగా పనికొస్తుంది. సహజంగా గర్భం వస్తుందా రాదా అని మాత్రం అది చెప్పలేదు. 2017లో అమెరికా వైద్య పత్రిక జామాలో వచ్చిన అధ్యయనంలో 30 నుంచి 44 ఏళ్ల మధ్య 750 మంది స్త్రీలను పరిశీలించారు. వాళ్లలో ఎవరికీ అంతకుముందు సంతానలేమి చరిత్ర లేదు. ఏఎంహెచ్ 0.7 కన్నా తక్కువ ఉన్నవాళ్లు, మామూలుగా ఉన్నవాళ్లతో దాదాపు సమానంగానే గర్భం దాల్చారు. గర్భానికి నెలకు ఒక్క అండం చాలు. ఆ అండం క్రోమోజోములు సరిగ్గా పంచుకుంటుందా అన్నది వయసును బట్టి ఉంటుంది. అందుకే ముప్ఫై ఒకటికి 0.8 ఉన్న అమ్మాయి పరిస్థితీ నలభై రెండుకు 0.8 ఉన్న ఆవిడ పరిస్థితీ ఒకటి కావు.

మన ఊళ్లలో ఇంకో భయం కూడా ఉంది. ఐవీఎఫ్ ఇంజెక్షన్లు వేయించుకుంటే, అండాలు దానం చేస్తే నిల్వ తొందరగా అయిపోతుందని. ప్రతి నెలా ఒక గుంపు ఫాలికల్స్ ఎదగడం మొదలుపెడతాయి. ఒకటి గెలుస్తుంది, మిగతావి చస్తాయి. ఎలాగూ చావబోయే వాటినే ఇంజెక్షన్ ఆ నెల బతికిస్తుంది. వచ్చే నెలల వాటాను ముట్టుకోదు. మందుల వల్ల వచ్చే ఇతర ఇబ్బందులు వేరే సంగతి. వాటి గురించి అడగాల్సిందే.

ఎగ్ ఫ్రీజింగ్ విషయంలోనూ ఆ కాగితం చెప్పని సంగతి ఒకటుంది. 2012 అక్టోబరులో అమెరికా సంతాన సాఫల్య వైద్యుల సంఘం ఈ పద్ధతికి ప్రయోగదశ అన్న ముద్ర తీసేసింది. కొత్త అండాలు పుడతాయన్న ప్రకటన వచ్చిందీ అదే ఏడాది. మన దేశంలో ఐవీఎఫ్ లాంటి సంతాన చికిత్సలకు ఏఆర్‌టీ నియంత్రణ చట్టం 2021లో వచ్చింది. దాని ప్రకారం దాతల అండాలను, పిండాలను పదేళ్లకు మించి నిల్వ ఉంచకూడదు. ఇరవై నాలుగేళ్ల అమ్మాయి ఇవాళ తనకోసం దాచుకున్న అండాలకూ అదే వర్తిస్తే, ముప్ఫై నాలుగుకు ఆ గడువు ముగుస్తుంది. బీమా అనే మాట వాడేవాళ్లు ఈ గడువు గురించి కూడా చెప్పాలి.

మా చెల్లిని గత వారం ఇంకో సీనియర్ డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్లాను. ఆవిడ ఫైల్ మొత్తం రెండుసార్లు తిరగేశారు. స్కానింగ్‌లు మూడు, బ్లడ్ టెస్టులు పదకొండు, ట్యూబుల ఎక్స్‌రే ఒకటి. "మీ ఆయన రిపోర్టు ఏదమ్మా?" అని అడిగారు. అతనికి ఒక్క పరీక్ష కూడా చేయించలేదు. చేయించమని ఆ కేంద్రంలో అడగలేదు, ఇంట్లోనూ ఎవరూ అనలేదు. సోమవారం నెల్లూరులోనే శాంపిల్ ఇస్తున్నాడు.